నోరు ఎండితే ముక్కును అడగండి

మిషను పెట్టుకున్న మూడో రాత్రి, తెల్లవారుజామున మూడున్నరకు, నాలుక అంగిలికి అతుక్కుపోయి మెలకువ వచ్చింది. గుటక వేద్దామంటే నోట్లో తడి లేదు. పెదవులు విడదీస్తే లోపలి చర్మం లేచివచ్చినట్టు మంట. మాస్కు ముక్కు మీదే ఉంది, గాలి సన్నగా వస్తూనే ఉంది, కానీ వచ్చిందంతా నోట్లోంచి బయటికి పోతోంది. బొల్లారం స్టేషను వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది. మాస్కు పీకి పక్కన పడేసి, గ్లాసెడు నీళ్లు తాగి, మళ్లీ పెట్టుకోకుండా పడుకున్నాను. పొద్దున మా ఆవిడ రెండే మాటలు అంది. "నాలుగింటి నుంచి మళ్లీ గురక మొదలైందండీ. మధ్యలో ఊపిరి ఆగింది కూడా."

ఆ రెండో మాట కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను. నోరు ఎండిందని మాస్కు తీశాను, మాస్కు తీసినందుకు ఊపిరి ఆగింది. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే ఈ సీపాప్ మిషను కొని అలమారలో దాచేసిన వాళ్లతో ఈ రెండేళ్లలో చాలాసార్లు మాట్లాడాను. చప్పుడనో, ఖర్చనో, చూడ్డానికి బాగుండదనో మొదట అంటారు. పక్కన కూర్చుని ఓపిగ్గా అడిగితే "నోరు పిడచకట్టుకుపోతోందండీ" అన్న మాట బయటికొస్తుంది. చిన్న బాధలా కనిపిస్తుంది కాబట్టి డాక్టరుకు చెప్పరు. చెప్పకపోవడం వల్లనే అది మిషనును ఓడిస్తుంది.

నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. నిద్రలో నాలుక మొదలు, కొండనాలుక, గొంతు గోడలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లు అంతకు మించి ఊపిరి ఆగితే దాన్ని ఒకటిగా లెక్కిస్తారు. గాలి బాగా తగ్గి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా లెక్కలోకి వస్తుంది. గంటకు 5 లోపుంటే భయం లేదు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది 34 వచ్చింది. అంటే దాదాపు రెండు నిమిషాలకోసారి నా ఒళ్లు నన్ను నిద్రలోంచి పైకి లాగుతోందన్న మాట. బీపీ, గుండె లయ తప్పడం, పగలు బండి నడుపుతూ కునుకు పట్టడం దీని వెంటే వస్తాయి. 'గ్యాంగ్ లీడర్' పాటలకు మనందరం చప్పట్లు కొట్టాం కదా, ఆ సంగీతం చేసిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో పోయినప్పుడు ఆస్పత్రి డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బే. గురకను చూసి నవ్వుకునే ఇళ్లలో ఆ కబురు చెప్పాలనిపిస్తుంది నాకు.

ఈ మిషను పుట్టింది ఆస్ట్రేలియాలో. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు 1980లో, మాస్కును ముక్కుకు అతికించి, గాలి ఊదే మోటారుతో ఒక రోగి గొంతును రాత్రంతా తెరిచి ఉంచాడు. అప్పటిదాకా తీవ్రమైన వాళ్లకు గొంతుకు రంధ్రం చేయడమే మార్గం. ఆ ఫలితాలు 1981లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. లాన్సెట్ పేరు చదివినప్పుడు నాకు మన ఊరే గుర్తొచ్చింది. మత్తు ఇచ్చేటప్పుడు మనిషి నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా అన్న వాదాన్ని 1888, 1889లలో హైదరాబాదులోనే తేల్చాలనుకున్నారు. ఆరో నిజాం డబ్బిచ్చాడు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండో కమిషన్‌కు లాన్సెట్ లండన్ నుంచి మనిషినే పంపింది. ఊపిరిని చూస్తే చాలని లారీ తేల్చిందంతా నిలబడలేదు, క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపేయగలదని తరవాతి వాళ్లు చూపించారు. కానీ మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీదే కన్నుండాలి అన్న పట్టు మాత్రం నాకు ఇష్టం. నిద్రపోతున్న మనిషి విషయంలోనూ అంతే.

ఇక అసలు విషయం. మా గోడ పక్క ఇంట్లో ఫౌజు నుంచి రిటైరైన సుబేదారు గారు ఉంటారు. ఆయనకూ ఇదే మిషను ఇచ్చారు. పదిహేను రోజులకు ఒకనాటి పొద్దున గోడ దగ్గరికొచ్చి, "సారూ, నాతోని కాదు. నోరు మొత్తం ఎండిపోతున్నది. మిషనుల ఏదో ఖరాబున్నది. వాపస్ ఇచ్చేస్త" అన్నారు. నేను వాళ్లింటికెళ్లి మంచం పక్కన స్టూలు మీదున్న మిషను చూశాను. నీళ్ల తొట్టి అడుగు దాకా ఎండి ఉంది. రాత్రి నిండా పోశారట. ఆ ఎండిన తొట్టే జవాబు. నీళ్లు గాలిలో కలిసి, ముక్కులోకి వెళ్లి, ఊపిరితో తిరిగి రాకుండా నోటి గుండా గదిలోకి పోతున్నాయి.

"నోరు తెరుచుకుంటున్నది సార్, మిషను సంగతి కాదు" అంటే ఆయన నమ్మలేదు. "నిద్రల నా నోరు నా మాట ఇంటదా?" అన్నారు. మంచి ప్రశ్న. వినదు. అందుకే నోటితో పోట్లాడకుండా అది ఎందుకు తెరుచుకుంటోందో వెతకాలి. నా అనుభవంలో పదింట ఎనిమిది సార్లు ఆ కారణం ముక్కులో ఉంటుంది.

ముక్కు చేసే పని మనం పట్టించుకోం. పీల్చిన గాలిని వెచ్చబెట్టి, తడిపి ఊపిరితిత్తులకు పంపుతుంది, తిరిగొచ్చే గాలిలోంచి ఆ తడిని కొంత వెనక్కి తీసుకుంటుంది. సీపాప్ గాలి ముక్కులోంచి వెళ్లి నోట్లోంచి బయటికొచ్చేస్తే ఆ తడి తిరిగి రాదు. ముక్కు లోపలి పొర ఎండుతుంది. ఎండిన పొర వాస్తుంది. వాచిన ముక్కులో గాలి ఆడదు కాబట్టి నోరు ఇంకా తెరుచుకుంటుంది. సలివన్ బృందమే 1996లో దీన్ని కొలిచి చూపించింది. నోటి నుంచి గాలి పోతే ముక్కు బిగుస్తుంది, వెచ్చని తడి గాలి ఇస్తే ఆ బిగుపు చాలావరకు రాకుండా ఆగుతుంది. ఇది అర్థమైన రోజు నాకు దారి దొరికింది. రాత్రి నీళ్ల సీసా తలగడ పక్కన పెట్టుకోవడం దానికి మందు కాదు. తాగిన నీళ్లు పది నిమిషాల్లో ఆరిపోతాయి, రెండుసార్లు బాత్రూముకు లేవడం మాత్రం మిగులుతుంది.

కాబట్టి మొదట ముక్కు. పడుకోబోయే గంట ముందు ఒక ముక్కు రంధ్రం మూసి రెండోదాంతో పీల్చి చూడండి, తరవాత అటూ. ఒకటి కొంచెం బిగిసి, ఇంకోటి తేలిగ్గా ఉండటం మామూలే, గంటల లెక్కన అవి మారుతుంటాయి. రెండూ బిగిసి ఉంటే మాస్కు పెట్టకముందే ఆ రాత్రి నోరు తెరుచుకోవడం ఖాయం. ఉప్పు నీళ్లతో కడుక్కోవడం మంచి అలవాటు. పావు లీటరు నీళ్లకు అర చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించొద్దు, వాటిలో అరుదుగా ఉండే అమీబా మెదడుకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ముక్కుదిబ్బడ చుక్కల మందు మొదటి రాత్రి అద్భుతంగా పనిచేస్తుంది, వారం దాటి వాడితే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుస్తుంది. మూడు నాలుగు రోజులకు మించొద్దు. ఎప్పుడూ ఒకే వైపు బిగిసి ఉంటే ముక్కు దూలం వంకరగా ఉండవచ్చు. అది ఈఎన్‌టీ డాక్టరు చూడాల్సింది. అలర్జీ అయితే రోజూ కొట్టుకునే స్ప్రేలున్నాయి, అవి ఆయన రాయాలి. ముక్కులో నెయ్యి చుక్కలో, నువ్వుల నూనో వేసుకుని మాస్కు పెట్టడం మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. దయచేసి మిషను ముందు అది చేయకండి. గాలి వత్తిడికి నూనె ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు, మాస్కు రబ్బరూ పాడవుతుంది.

రెండోది తడి గాలి. మిషనులో హ్యుమిడిఫయర్ అనే నీళ్ల తొట్టి, దాని కింద వెచ్చబెట్టే పళ్లెం ఉంటాయి. నాకు అమ్మిన షాపువాళ్లు ఆ తొట్టి సంగతి చెప్పనే లేదు. నాలుగు రాత్రులు పొడి గాలే పీల్చాను. మీరైతే కొన్న రోజే దగ్గర కూర్చోబెట్టుకుని తడి ఎక్కడ పెంచాలో, తగ్గించాలో చేయించుకుని చూడండి. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వేణ్నీళ్ల గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నట్టే తొట్టిలోనూ పేరుకుంటుంది. మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. దొరకని రోజు ఫిల్టరు నీళ్లు కాచి చల్లార్చి పోయండి. కారు బ్యాటరీకి పోసే నీళ్లు మాత్రం వద్దు, ఆ గాలి మీ ఛాతీలోకి వెళ్తుంది. మిగిలిన నీళ్లు పొద్దున్నే పారబోసి తొట్టి ఆరబెట్టండి. నిన్నటి నీళ్ల మీద కొత్త నీళ్లు పోయకండి.

తడి ఎంత పెట్టాలన్నది ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది. ఏప్రిల్‌లో బొల్లారం గాలి ఉతికిన పంచెను అరగంటలో ఆరబెడుతుంది, మన నోటిని వదులుతుందా? అప్పుడు తడి ఎక్కువ పెట్టాలి. ఏసీ వేసుకుంటే ఇంకొంచెం. నీళ్ల కూలర్ ఉన్న ఇంట్లో గాలి తడిగానే ఉంటుంది కాబట్టి తగ్గించవచ్చు. డిసెంబరులో కంటోన్మెంటు చెట్ల కింద చలి దిగినప్పుడు ఇంకో చిక్కు. మిషనులో వెచ్చగా బయల్దేరిన గాలి చల్లని ట్యూబులో నీరుగా మారి అర్ధరాత్రి ముక్కులోకి గుడగుడమంటూ వస్తుంది. తడి తగ్గించకండి. మిషనును మంచం కంటే కిందికి దించి, ట్యూబుకు పాత మఫ్లరు చుట్టండి. వెచ్చబెట్టే ట్యూబులు కూడా దొరుకుతాయి.

మాస్కు దగ్గరికొద్దాం. నోరు తెరుచుకుంటోందని చెప్పగానే చాలామందికి ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద మాస్కు చేతిలో పెడతారు. అది కావాల్సిన వాళ్లున్నారు, ముక్కు ఏం చేసినా తెరుచుకోని వాళ్లకు అదే దారి. కానీ పెద్ద మాస్కు లోపల కూడా నోరు తెరిచే నిద్రపోతాం, ఎండటం పూర్తిగా పోదు. ముక్కును చక్కబెట్టకుండా మాస్కు పెంచడం నాకు నచ్చదు. రెండు మూడు వారాలు ముక్కు, తడి చూసుకున్నాక కూడా గాలి పోతుంటే అప్పుడు అడగండి. పట్టీలు బిగించే విషయంలో ఒక మాట. కూర్చుని బిగిస్తే పడుకున్నాక లెక్క మారుతుంది. పడుకుని, గాలి వస్తుండగా, గాలి తప్పించుకోనంత మేరకే బిగించండి. పొద్దున పై చిగుళ్లు, ముందు పళ్లు నొప్పెడుతున్నాయంటే మాస్కు చట్రం పై పెదవిని అదిమేసిందని అర్థం. కట్టుడు పళ్లు తీసి పడుకునే వాళ్లు మాస్కును కూడా పళ్లు తీసేశాకే సరిచూసుకోవాలి. బుగ్గల ఆకారం మారిపోతుంది మరి.

దవడ కిందినుంచి తలమీదికి కట్టే గుడ్డ పట్టీ కొందరికి బాగా పనిచేస్తుంది. దవడ జారేవాళ్లకు మేలు, పెదవుల సందుల్లోంచి గాలి ఊదేవాళ్లకు లాభం లేదు. దవడ కీలు నొప్పెడితే మానేయండి. పడుకునే తీరు అంతకంటే ముఖ్యమనిపిస్తుంది నాకు. వెల్లకిలా పడుకుంటే దవడ తన బరువుకు తానే జారుతుంది, పక్కకు తిరిగితే గాలిదారికీ నోటికీ రెండింటికీ మంచిది.

నోటికి టేపు వేసుకోవడం ఈమధ్య ఫోనుల్లో బాగా తిరుగుతోంది. వద్దంటాను, కారణమూ చెబుతాను. మా వైపు వేసవి గాలివానకు కరెంటు పోతుంది. మిషను ఆగితే ముక్కు మాస్కులో కొత్త గాలి సరిగ్గా అందదు, అప్పుడు మనకున్న తలుపు నోరే. దాన్ని మన చేత్తో మనమే మూసి పడుకోవడమేమిటి? వాంతి వచ్చినా అంతే. పెద్ద మాస్కుల్లో కరెంటు పోతే తెరుచుకునే కవాటం పెట్టింది అందుకే. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు మిషనును దాని ప్లగ్గుకే తగిలించుకోండి.

నేను నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని. నాకు పనికొచ్చిన ఒక సంగతి బడిలోంచి వచ్చిందే. ఙ, ఞ, ణ, న, మ అక్షరాలను అనునాసికాలు అంటాం. వీటిని పలికేటప్పుడు నోరు ఏదో ఒకచోట మూసుకుని గాలి ముక్కులోంచి పోతుంది. ఇప్పుడు "అంగిలి" అనండి. అందులో సున్నా దగ్గర ఆగండి. "అఙ్..." నాలుక వెనక భాగం లేచి మెత్తని అంగిలికి ఆనుకుంది చూశారా? పెదవులు తెరిచే ఉన్నాయి, అయినా నోట్లోంచి గాలి రాదు. ముక్కు మాస్కు సరిగా పనిచేసే రాత్రుల్లో నోటిని మూసి ఉంచేది ఈ నాలుకా అంగిలీ తలుపే. పగలు మాస్కు పెట్టుకుని, మిషను వేసుకుని, కుర్చీలో కూర్చుని ఇరవై నిమిషాలు ఇది చేశాను. నోరు తెరిస్తే గాలి బుసలు కొడుతూ బయటికి దూకుతుంది, భయమేస్తుంది కూడా. నాలుకను "అఙ్" దగ్గర నిలిపితే ఠక్కున ఆగుతుంది. నిద్రలో నాలుక మన మాట వినదన్నది నిజమే. అయినా పగలు ఆ తలుపు ఎక్కడుందో తెలిశాక రాత్రి ఉక్కిరిబిక్కిరి తగ్గింది, బుస వచ్చి మెలకువైనా మాస్కు పీకకుండా నాలుక సర్దుకుని పడుకోవడం వచ్చింది. టీవీ చూస్తూనో, రేడియో వింటూనో వారం రోజులు చేసి చూడండి.

ముక్కు సర్దుకునే లోపు నోటికి ఊరట కావాలి కదా. రాత్రి భోజనంలో ఆవకాయ, ఎండుమిరప కారం కొన్నాళ్లు పక్కనపెట్టండి, ఎండిన నోటికి అవి నిప్పే. చివర్లో మజ్జిగన్నం హాయి. తిన్నాక వక్కపొడి నమలడం పూర్తిగా మానేయాలి, ఈ జబ్బున్నా లేకున్నా. మద్యం తాగితే గొంతు కండరాలు మరింత సడలతాయి, నోరూ ఎండుతుంది. లవంగం, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే ఉమ్మి ఊరుతుంది, పగలైతే తప్పులేదు. వాటితో నిద్రపోవద్దు, గొంతులోకి జారితే ప్రమాదం. ఉమ్మి పళ్లకు కాపలా. అది లేని నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. అందుకే పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం తప్పనిసరి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడొద్దు.

ఎండటానికి మిషనుతో సంబంధం లేని కారణాలూ చూసుకోవాలి. మూత్రం ఎక్కువగా తెప్పించే బీపీ మాత్రలు, అలర్జీ మాత్రలు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు నోరు ఎండిస్తాయి. మానేయకండి, డాక్టరుకు చెప్పండి, వేళ మార్చడమో మందు మార్చడమో ఆయన చూస్తారు. దాహం, మాటిమాటికీ మూత్రం కూడా ఉంటే షుగర్ పరీక్ష చేయించండి. నాలుక మీద తెల్లటి పొర, గీకితే కింద ఎర్రగా మంట ఉంటే అది ఫంగస్ కావచ్చు, మందుతో తగ్గుతుంది. పొద్దున మిషను తెర మీద లీకు, ఆగిన ఊపిరుల సంఖ్య రెండూ కనిపిస్తాయి. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకెళ్లండి. మిషను ఊదే గాలి ప్రెషర్ ఎక్కువైతే అది నోటిని తోసుకుని వస్తుంది, తక్కువైతే గాలి చాలక నోరు తెరుచుకుంటుంది. రెండింటికీ లక్షణం ఒకటే, అందుకే ప్రెషర్ జోలికి మీరు పోకండి.

నోరు ఎండిన రాత్రి కూడా మాస్కు పూర్తిగా తీసేయొద్దు. లేవండి, గుక్కెడు తాగండి, ముక్కు చీదండి, తడి ఒక మెట్టు పెంచండి, మళ్లీ పెట్టుకోండి. ఆస్పత్రుల లెక్కల్లో రాత్రికి 4 గంటలు వాడితే వాడినట్టు. ఊపిరి ఆగడం ఆ లెక్క చూసుకోదు, తెల్లవారుజామున కలలొచ్చే నిద్రలో చాలామందికి ఇంకా ఎక్కువవుతుంది. మనం మాస్కు పీకేసేది సరిగ్గా ఆ వేళకే.

సుబేదారు గారికి ఇవన్నీ ఒక్కసారే చెప్పలేదు. ఆ రోజు ముక్కు చూపించుకోమన్నాను. ఎడమ వైపు ఏళ్ల తరబడి బిగిసి ఉందట, ఎవరికీ చెప్పలేదు. ఈఎన్‌టీ డాక్టరు స్ప్రే రాశారు. ఉప్పు నీళ్లు మొదలుపెట్టారు, లావు దిండు తీసేశారు. మూడో వారం ఒక పొద్దున మళ్లీ గోడ దగ్గరికొచ్చారు, చేతిలో నీళ్ల తొట్టి.

"సారూ, జర సూడుండ్రి. రాత్రి నిండ పోసిన. సగం అట్లనే ఉన్నయి నీళ్లు. మిషను మళ్ల ఖరాబైందా?"